వ్యాపార ప్రకటనములు – మన యిండ్లు
(సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ సభలో విద్యనుగూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని మన కార్యదర్శిగారు మమ్ము కోరిరి. ముప్పదియైదేండ్లు బడిపంతులుగా జీవించి విశ్రాంతి పొందినవారము గావున ఆ కోరిక సహజమే. కాని మేము కొంత సాహసించి వ్యాపార ప్రకటనములనుగూర్చి మాటాడ నిశ్చయించితిమి. ఇదియు విద్యావిషయమే యని మా నమ్మకము. ఏలయన, నేటి బాలుడు మేము తరగతిలో చెప్పిన శ్లోకమును మఱునాటికే మఱచును. టెలివిజనులోను సెల్‌ఫోనులోను దినమునకు పదిసారులు వినిన ప్రకటనమును ఏండ్లు గడచినను మఱవడు. మఱపు రాకుండ పాఠము చెప్పువాడే గదా సమర్థుడైన గురువు! ఆ క్రొత్త గురువు మన పిల్లలకేమి చెప్పుచున్నాడో విచారించుట పెద్దల ధర్మము.

ముందుగా ఒక మనవి. ఈ సంచిక అచ్చు కాగలుగుట ప్రకటనము లిచ్చిన దాతల చలువ. కాగితపు వెల, అచ్చుకూలి, ఈ మధ్యాహ్నపు భోజనము సైతము వారి యుదారతవలన మనకు లభించినవి. వారి యన్నము తిని వారిని దూషించుటకు మేమిచ్చటికి రాలేదు. వర్తకుడు తన సరకును నలుగురికి తెలుపుకొనుట తప్పు కాదు. మన యాంధ్రదేశమున ఆ విద్యకు గౌరవము తెచ్చినవారే కలరు. దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావుపంతులుగారు 1893లో అమృతాంజనమును స్థాపించి, సంగీతసభలలో దానిని ఉచితముగా పంచిపెట్టించి ప్రచారము చేసిరని పెద్దలు చెప్పుదురు. ఆ తలనొప్పి మందుపై వచ్చిన ధనముతో 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా బొంబాయిలో ఆరంభించిరి. 1914లో మద్రాసునుండి దినపత్రికగా వెలువరించిరి. 1924లో భారతి మాసపత్రికను నెలకొల్పిరి. వైద్యులు కే. ఎన్. కేసరిగారు మందులమ్మి గడించి, గృహలక్ష్మి పత్రికను నడపి, స్త్రీలకు స్వర్ణకంకణములిచ్చి సత్కరించిరి. కావున ప్రకటనము స్వభావముచేత పాపము కాదు. అది యెట్లు చెప్పుచున్నది, ఎవరిని చూపుచున్నది, ఎవరిని చూపకున్నది – ఇదియే నేటి విచారము.

మీమాంసకులు వాక్యములను విభజించుచు విధివాక్యమొకటి, అర్థవాదమొకటి యనిరి. ఈ కర్మ చేయుమని చెప్పునది విధి. ఆ కర్మయందు పురుషునకు రుచి పుట్టించుటకై దానిని పొగడునది, దాని విరోధిని నిందించునది అర్థవాదము. ప్రకటనము ఈ రెంటి కలయికయే. ‘కొనుము’ అనునది విధి, తక్కినదంతయు అర్థవాదము. పొగడ్తను పొగడ్తగా గ్రహించిన శ్రోత చెడడు. పొగడ్తను లోకస్థితిగా గ్రహించినప్పుడే చిక్కు. సబ్బును కొంచెము హెచ్చుగా పొగడినందువలన కలుగు నష్టము పది రూపాయలు. కాని ఆ సబ్బును పొగడుటకు మనుష్యులలో నొక జాతిని, నొక రంగును, నొక వృత్తిని తక్కువచేసి చూపినచో కలుగు నష్టమునకు వెలకట్టుట యెట్లు? ఈ దోషము మూడు విధములుగా కానవచ్చుచున్నది. మూస పోయుట మొదటిది, పక్షపాతము రెండవది, ఏరి చూపుట మూడవది.

మొదట మూస సంగతి. కంచరి మూసలో కరగిన లోహము పోసినచో ఎన్ని బొమ్మలైనను ఒకే ముఖముతో వచ్చును. ప్రకటనములలో తల్లి యనగా వంటయింట నవ్వుచు నిలిచినదే. తండ్రి యనగా వార్తాపత్రిక చదువుచు కాఫీ పుచ్చుకొనువాడే. రైతనగా తలపాగా చుట్టి, మాయని ధోవతి కట్టి, పండ్లన్నియు కనబడునట్లు నవ్వువాడే. వాని వెనుక పంజాబు ఆవపూల చేను! హిందీలో తీసిన చిత్రమునకు తెనుగుమాట లతికించినందువలన పెదవులొక భాషయు చెవులొక భాషయు పలుకును. మన గోదావరి వరిచేలు, పాలమూరు మెట్టపొలములు, వెన్ను వంగి నాట్లు వేయు స్త్రీలు అందులో ఎచ్చటను కానరారు. వ్యవసాయపు పనిలో సగపాలు స్త్రీలదైయుండ, ట్రాక్టరు ప్రకటనములో స్త్రీ కనబడుట ఎరువుల కరవునాడు యూరియా దొరకినంత యరుదు.

ఇది మా యూహ మాత్రమే కాదు. యునిసెఫ్ వారును జీనా డేవిస్ సంస్థవారును కలసి, మన దేశమున 2019లో ప్రచారమైన వేయికి పైగా ప్రకటనములను పరిశీలించి 2021లో ఫలితములను వెల్లడించిరి. అందలి పాత్రలలో తల్లులుగా చూపబడిన స్త్రీలు నూటికి 18.7, తండ్రులుగా చూపబడిన పురుషులు నూటికి 5.9 మాత్రమే. బిడ్డలు తల్లులకే గాని తండ్రులకు పుట్టలేదని యీ లెక్కవలన తోచును! చామనచాయకంటె తేటగా నుండు మేనిరంగు గలవారు స్త్రీపాత్రలలో నూటికి 66.9, పురుషపాత్రలలో 52.1. పురుషుడు నలుపైనను సంపాదనాపరుడు కావచ్చును, స్త్రీ మాత్రము తెల్లగానే యుండవలెననుట దీని తాత్పర్యము.

ఇక రెండవది పక్షపాతము. దీనికి మేనిరంగుకంటె స్పష్టమైన నిదర్శనము వేఱొకటి లేదు. 1880 దశాబ్దమున ఇంగ్లండులో పియర్స్ సబ్బువారు నల్లజాతి బాలుని తొట్టిలో కూర్చుండబెట్టి స్నానము చేయింపగా, వాని మేను తెల్లబడినట్లు బొమ్మ వేయించి ప్రచురించిరి. నలుపు మురికి యనియు, మురికిని కడుగునది తెల్లవాని సబ్బు యనియు ఆ బొమ్మ తాత్పర్యము. సామ్రాజ్యము పోయినది, ఆ తలంపు మాత్రము మన యింట మిగిలినది. మన దేశమున 1975లో ఫెయిర్ అండ్ లవ్‌లీ యను లేపనము అంగడికి వచ్చెను. ఆడపిల్ల నల్లగా నున్నందున పెండ్లి కాకపోవుట, ఉద్యోగము రాకపోవుట, లేపనము పూసిన పిమ్మట రెండును లభించుట – ఇదియే దశాబ్దములపాటు నడచిన కథ. కొడుకు లేడని తండ్రి నిట్టూర్చుట, ఆ మాట విని కుమార్తె మొగము తెల్లపఱచుకొని విమానములో నుద్యోగము సంపాదించుట యను ప్రకటనమొకటి మహిళాసంఘముల యభ్యంతరములు హెచ్చిన పిమ్మట 2003 ప్రాంతమున ఆగిపోయెను. 2005లో మగవారికి సైతము వేఱొక లేపనము వచ్చెను. మొగవాడు మాత్రము ఏల తప్పించుకొనవలెను? ప్రకటనకర్తలు తమకు తామే 1985లో ఏర్పఱచుకొనిన అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిలువారు 2014లో, నల్లనివారిని దుఃఖితులుగాను, పెండ్లికిని ఉద్యోగమునకును తగనివారుగాను చూపరాదని నియమము చేసిరి. 2020లో అమెరికాయందు నల్లజాతివారి యాందోళనము లోకమంతట ప్రతిధ్వనించినప్పుడు ఆ లేపనము తన పేరును గ్లో అండ్ లవ్‌లీ యని మార్చుకొనెను. పేరు మాఱినది, డబ్బాలోని కోరిక మాఱినదా యనునది మీరే విచారింపుడు.

మేము సంస్కృతము చదివినవారము గావున ఒక మాట చెప్పుట మా విధి. నలుపు కురూపమని మన ప్రాచీనులు చెప్పిరా? భారతము వ్రాసిన ముని పేరే కృష్ణద్వైపాయనుడు. గీత చెప్పినవాడు కృష్ణుడు. వినిన యర్జునునకు గల పది పేరులలోను కృష్ణుడని యొకటి కలదు. రాముడు నీలమేఘశ్యాముడు. కాళిదాసు యక్షుని ప్రియురాలిని శ్యామ యనెను. ఆ పదమునకు నల్లనిదని గాక యౌవనమధ్యమున నున్నదని మన మల్లినాథసూరి యర్థము చెప్పెననుట నిజమే. కాని ద్రౌపది విషయమున అట్టి సందేహమునకు తావు లేదు. ఆమె మేనివర్ణమును బట్టియే కృష్ణ యను పేరు వచ్చినదని భారతమే చెప్పుచున్నది. స్వయంవరమునకు దేశదేశముల రాజులు ఆమెను కోరియే వచ్చిరి. ఏ రాజును రంగు తక్కువయని వెనుకకు మరలలేదు.

ఇది తెలిసియుండియు మేము చేసిన తప్పొకటి ఈ సభలో చెప్పుకొనవలెను. ఇతరులను విమర్శించువాడు తన్ను దాచుకొనరాదు. సుమారు ఇరువదియైదేండ్ల క్రిందట మా బడిలో వార్షికోత్సవమునకు పాండవకథలో నొక ఘట్టమును నాటకముగా వేయించితిమి. తొమ్మిదవ తరగతిలో నొక బాలిక పద్యము పాడినచో ఆవరణమంతయు నిశ్శబ్దమయ్యెడిది. ఒత్తక్షరములను ఆమెవలె స్పష్టముగా పలుకువారు ఉపాధ్యాయులలోనే తక్కువ. ఆమె నల్లనిది. వేఱొక బాలిక తెల్లనిది, గొంతు సామాన్యము. ‘స్టేజి మీద ముఖం వెలగాలి కదండీ’ అని యొక సహోపాధ్యాయుడనెను. మేము తల యూపితిమి. ద్రౌపది వేషము తెల్లని బాలికకు, చెలికత్తె వేషము నల్లని బాలికకు దక్కెను. ఉత్సవమునాడు ద్రౌపది పద్యము మఱచి తడబడగా, ఈ చెలికత్తెయే వెనుకనుండి మెల్లగా అందించెను. సభ్యులు కరతాళములు చేసిరి. పిమ్మట వారము దినములకు భారతపాఠము చెప్పుచుండగా ఆ బాలిక లేచి, ‘మాస్టారండీ, ద్రౌపదికి కృష్ణ అని పేరెందుకొచ్చిందండీ?’ అని యడిగెను. వ్యుత్పత్తి చెప్పితిమి. వర్ణమును బట్టి యని చెప్పునప్పుడు తల యెత్తి ఆమెను చూడలేకపోతిమి. ఆమె ‘సరేనండీ’ అని కూర్చుండెను. మా యుద్యోగజీవితమున ఇంతకంటె కఠినమైన పరీక్ష మాకెవరును పెట్టలేదు.

మాకు ఆ బుద్ధి ఎవరు నేర్పిరి? శాస్త్రము నేర్పలేదు, ఏ ప్రకటనకర్తయు మా బడికి వచ్చి ఇట్లు వేషములు పంచుడని యాజ్ఞాపింపలేదు. ఏండ్లకొలది మేము చూచిన బొమ్మలన్నియు కలసి, వెలుగు ముఖమనగా తెల్లని ముఖమేయని మా కంటికి అలవాటు చేసినవి. మనలోనున్న దురభిప్రాయమును ప్రకటనము మననుండియే గ్రహించును. దానికి రంగులద్ది, పాట కట్టి, మనకే మరల విక్రయించును. కావున తప్పంతయు వారిదే యనుట న్యాయము కాదు.

మూడవది ఏరి చూపుట. ఇందు అబద్ధమొకటియు నుండదు. అయినను మొత్తము మోసమగును. స్థాలీపులాకన్యాయమును మీరెఱుగుదురు. కుండలో నొక మెతుకు పట్టి చూచి అన్నమంతయు ఉడికినదని తెలిసికొందుము. అది యేల సరిపోవును? మెతుకులన్నిటికిని ఒకే మంట తగిలినది, పట్టిన మెతుకును మనమేరలేదు, చేతికి వచ్చినది పట్టితిమి. ఇప్పుడు ఒకడు కుండను మూతపెట్టి, లోపలనుండి బాగుగా నుడికిన నాలుగు మెతుకులను తానే యేరి పళ్ళెరములో పెట్టి, ‘మా వంట చూడుడు’ అనినచో ఏమందుము? ర్యాంకుల ప్రకటనము సరిగా నిట్టిదే. ఎండకాలము వచ్చినంతనే పత్రిక మొదటి పుటనిండ పిల్లల ముఖములు, వాటిక్రింద అంకెలు. టెలివిజనులో ఆ యంకెలనే ఊపిరాడకుండ అరచెదరు. ఒకటి, రెండు, మూడు అని చెప్పుదురు గాని, ఎందఱిలో ఒకటియో చెప్పరు. ఎందఱు పరీక్ష వ్రాసిరి, ఎందఱు తప్పిరి, ఎందఱు నడుమనే యిల్లు చేరిరి – ఈ అంకెలు ఏ పుటలోను ఉండవు.

మా దగ్గఱి బంధువొకడు అట్టి పుటను గోడకంటించుకొని, రెండెకరముల పొలము తాకట్టుపెట్టి, కుమారుని నొక వసతికళాశాలలో చేర్చెను. ఆ బొమ్మలలోని పిల్లలు వేఱు తరగతిలో, వేఱు ఉపాధ్యాయులయొద్ద చదువుదురని చేరిన పిమ్మట తెలిసెను. పిల్లవాడు ఏడాది తిరుగకముందే మాట తగ్గి, బరువు తగ్గి ఇల్లు చేరెను. వాడు మందబుద్ధి కాడు. బొమ్మలు గీయుటలో నేర్పరి. ఇప్పటికిని తండ్రి ‘వాడికి చదువు అబ్బలేదండీ’ అనును గాని, ‘నేను ఏరిన మెతుకులు చూసి మోసపోయాను’ అని యనడు. ప్రకటనమునందలి క్రౌర్యమిదియే: మోసపోయినవాడు తన్నుతానే నిందించుకొనును.

ప్రభుత్వమువారు దీనిని గమనింపకపోలేదు. 1954నాటి చట్టము మంత్రపుమందుల ప్రకటనములను నిషేధించినది. 1994నాటి కేబుల్ టెలివిజన్ నియమములు జాతిని, కులమును, వర్ణమును ఎగతాళి చేయు ప్రకటనములు కూడవని చెప్పుచున్నవి. 2019నాటి వినియోగదారుల సంరక్షణచట్టము క్రింద ఏర్పడిన కేంద్ర ప్రాధికారసంస్థకు, మోసపుచ్చు ప్రకటనమునకై పది లక్షల రూపాయలవఱకును, మరల చేసినచో ఏబది లక్షలవఱకును అపరాధరుసుము విధించు అధికారము కలదు. సివిల్ సర్వీసుల పరీక్షలో గెలిచినవారి బొమ్మలు వేసికొనిన శిక్షణాలయములలో కొన్ని, వారిలో పెక్కురు తమయొద్ద తుదిదశయగు ఇంటర్వ్యూకు మాత్రమే తర్ఫీదు పొందిరను సంగతిని దాచినందుకు జరిమానా పొందినవి. 2024 నవంబరులో శిక్షణాలయముల ప్రకటనములకు ప్రత్యేక నియమములే వచ్చినవి. గెలిచినవాని బొమ్మ వేయవలెననిన వాడు గెలిచిన పిమ్మట వ్రాతమూలకమగు సమ్మతి పొందవలెను, వాడేపాఠమును ఎంతకాలము చదివెనో తెలుపవలెను. మన బిడ్డల తండ్రులలో ఎందఱికి ఈ నియమము తెలియును?

ఇంతవఱకు బయటివారిని చూచితిమి. ఇక అద్దమును మనవైపు త్రిప్పుదము. మన కులమువారిని నాటకములయందును చలనచిత్రములయందును ఒకే వేషముతో, ఒకే యాసతో నవ్వులపాలు చేయుచున్నారని మన పెద్దలు ఎన్నియో పర్యాయములు నొచ్చుకొనిరి. ఆ నొప్పి న్యాయమైనది. ఒక్కని చూపి అందఱును ఇంతేయనుట ఎంత బాధయో మనకు బాగుగా తెలియును. తెలిసిన మనము మన పత్రికలోని వివాహవేదిక పుటను తెఱచి చూతము. ‘ఎరుపు రంగు, సన్నని, అందమైన వధువు కావలెను’ అని ప్రకటనము తరువాత ప్రకటనము. ఇవి యే కంపెనీవారును వ్రాసినవి కావు, మనము వ్రాసినవే. వరుని మేనిరంగును తెలిపిన ప్రకటనము మాకంటబడలేదు. వాని జీతము, వాని యూరు, వాని కారు మాత్రము తెలిపిరి. ఆ పుటను మన ఆడపిల్లలు చదువుదురని మనకు జ్ఞప్తియున్నదా? 2020లో ఒక పెద్ద వివాహసంబంధముల సంస్థయే తన వెదకులాటలోనుండి మేనిరంగు గడిని తొలగించినది. వ్యాపారి తొలగించినదానిని బంధువులమైన మనము నిలుపుకొనుట సిగ్గుచేటు.

అట్లే మన ప్రతిభాపురస్కారముల పుట. ర్యాంకులు వచ్చినవారి బొమ్మలు వేయుదుము, సంతోషమే. కాని తండ్రి చనిపోగా అంగడి నడపుచు దూరవిద్యలో పట్టము పొందిన యువకుడు, నర్సుపని నేర్చి పల్లెలో సేవచేయు యువతి, తాతల వృత్తిని విడువక నూతనపద్ధతులతో నిలబెట్టినవాడు – వీరి బొమ్మలేవి? మనమును కుండమూసి మెతుకు లేరుచునే యున్నాము.

కావున కార్యనిర్వాహకసంఘమువారికి మా మనవులు మూడు. మొదటిది: వచ్చు సంచికనుండి వివాహవేదిక పుటలో మేనిరంగు ప్రస్తావన అచ్చు వేయకుండుట. ప్రకటనమిచ్చువారు కోపగింతురని భయపడనక్కఱలేదు. నియమమందఱికిని ఒకటైనచో కోపము నాలుగు నెలలలో చల్లారును. రెండవది: విద్యాసంస్థల ప్రకటనములను స్వీకరించునప్పుడు, ర్యాంకులతోపాటు పరీక్ష వ్రాసినవారి మొత్తము సంఖ్యను ఇమ్మని కోరుట. సత్యమునందు నమ్మకమున్నవారు సంతోషముగా నిత్తురు. ఇయ్యనివారి రూపాయలు మనకు లేకున్నను సంచిక నాలుగు పుటలు తగ్గి వెలువడును. అంతకంటె నష్టము లేదు. మూడవది తలిదండ్రులకు: పిల్లలతో కూర్చుండి ప్రకటనము చూచునప్పుడు మూడు ప్రశ్నలు అడుగుడు. ఇందులో ఎవరున్నారు? ఎవరు లేరు? లేనివారిని చూపినచో ఈ సరకు అమ్ముడుపోదా? ఏడేండ్ల పిల్లవాడు సైతము సమాధానము చెప్పగలడు. మా మనుమరాలు చెప్పినది; ‘తాతయ్యా, ఇందులో నానమ్మలాంటి వాళ్ళెవ్వరూ లేరు’ అనినది.

దాతలగు వర్తకసోదరులకు సైతము ఒక్కమాట. మీ యంగడి ప్రకటనమునకు బొంబాయి తెల్లని ముఖమే యేల? మీ గల్లాపెట్టెయొద్ద కూర్చుండు మీ తల్లిగారి ముఖము వేయింపుడు. ఆ ముఖమును చూచియే గదా ఇన్నాళ్ళు మీ యంగడికి జనులు వచ్చినది!

ఆ నల్లని బాలిక ఇప్పుడొక జిల్లాపరిషత్ పాఠశాలలో తెనుగు పండితురాలు. పోయిన సంక్రాంతికి మా యింటికి వచ్చి, తన బడిలో భారతనాటకము వేయించితినని చెప్పెను. ద్రౌపది వేషము ఎవరికిచ్చితివని మేమడిగితిమి. ‘బాగా పాడే పిల్లకిచ్చానండీ మాస్టారూ’ అనెను. అంతకుమించి ఆమె యేమియు అనలేదు, మేమును అడుగలేదు. మేము తప్పిన పాఠమును మా శిష్యురాలు సరిదిద్దినది. మన సంఘమును అట్లే సరిదిద్దుకొనవలెనని కోరుచున్నాము.